ఇంటిపేరు - పూర్వీకుని జీవితం

తన పూర్వీకులెవరో తెలుసుకోవాలనే ఆకాంక్ష మానవునికి సహజమైనది. ఆ అన్వేషణలో మొదట చేతికందే ఆధారం ఇంటిపేరు. అయితే ఆ ఆధారాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? ఋగ్వేద పరిష్కర్తగా మన విద్యార్థులకు సుపరిచితుడైన జర్మన్ పండితుడు మాక్స్ ముల్లర్ (1823-1900) పేరునే తీసుకొని పరిశీలిద్దాం.

జర్మనీలో ఇంటిపేర్లు సుమారు 12వ శతాబ్దం నుంచి 16వ శతాబ్దం లోపల స్థిరపడ్డాయి. వాటిని స్థూలంగా నాలుగు తరగతులుగా విభజించవచ్చు. మొదటివి వృత్తినామాలు: ష్మిట్ అంటే కమ్మరి, ష్నైడర్ అంటే దర్జీ, ఫిషర్ అంటే జాలరి. రెండవవి ఊరి పేర్లు: బాంబెర్గ్ నుంచి వచ్చినవాడు బాంబెర్గర్. మూడవవి తండ్రి పేరును బట్టి వచ్చినవి: పీటర్ కుమారుడు పీటర్సెన్. నాలుగవవి ఆకారాన్నో స్వభావాన్నో తెలిపేవి: క్లైన్ అంటే చిన్నవాడు.

'ముల్లర్' వృత్తినామం. పిండిమర నడిపేవాడని దాని అర్థం. కాని ఈ పండితుని తాతగారు డెస్సౌ పట్టణంలో దర్జీ. తండ్రి విల్‌హెల్మ్ ముల్లర్ (1794-1827) కవి. మర నడిపిన పూర్వీకుడు ఎన్నో తరాల వెనుకటివాడై ఉండాలి. ఇంటిపేరు తెలిపేది అతని వృత్తినే గాని 19వ శతాబ్దపు మనిషి వృత్తిని కాదు. పైగా పిండిమరలు దేశమంతటా ఉండేవి కనుక ఆ పేరు విస్తారంగా వ్యాపించింది. ఒక ముల్లర్ మరొక ముల్లర్‌కు బంధువు కానక్కరలేదు. ఆ బాహుళ్యం వల్లనే ఆయన 'మాక్స్' అనే తన పేరును కూడా ఇంటిపేరులో కలుపుకొన్నాడు. సంస్కృతంలో 'మోక్షమూలర' అయినాడు.

మరి పూర్వీకుని నిజజీవితం తెలిసేదెట్లా? జనన, వివాహ, మరణాలను ప్రభుత్వమే నమోదు చేసే పద్ధతి జర్మన్ సామ్రాజ్యమంతటా 1876 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకు పూర్వం చాలా ప్రాంతాలలో చర్చి రిజిస్టర్లే ముఖ్యాధారం. బాప్తిస్మం, వివాహం, ఖననం జరిగిన తేదీలతోపాటు తరచుగా తండ్రి వృత్తి కూడా వాటిలో కనిపిస్తుంది. కనుక అన్వేషకుడు ముందుగా తెలుసుకోవలసినది పూర్వీకుని ఊరు. అక్కడినుంచి తెలిసిన తరం మీదుగా తెలియని తరానికి ఒక్కొక్క మెట్టే వెనుకకు నడవాలి.

ఈ రిజిస్టర్లకే 1933లో మరొక వినియోగం ఏర్పడింది. ప్రభుత్వోద్యోగులు తమ తాత అవ్వలలో యూదులు లేరని వాటి నకళ్లతో రుజువు చేసుకోవాలని నాజీ ప్రభుత్వం శాసించింది. యూదు సంతతివారెందరో కొలువులు కోల్పోయారు. పూర్వీకులను తెలుసుకోవటం విజ్ఞానం. వారిని బట్టి మనిషికి విలువ కట్టటం అన్యాయం. వంశచరిత్రను అధ్యయనం చేసే విద్యార్థి ఈ భేదాన్ని మరువరాదు.