పచ్చిక బట్టతలకు గరిక వైద్యం

మీ బడి ఆవరణలో పచ్చిక ఉందా? ఒకసారి పరిశీలనగా చూడండి. కుళాయి దగ్గర, గేటు నుంచి తరగతి గదులకు అడ్డంగా నడిచే చోట గడ్డి పోయి ఎర్రమట్టి బయటపడి ఉంటుంది. డోర్నకల్‌లో మా బడిలోనూ అంతే. మొదట గడ్డి విత్తనాలు కొని చల్లాం. ఒక్క పెద్దవానకే కొట్టుకుపోయాయి. డబ్బు పోయింది, బట్టతల మిగిలింది!

అప్పుడు పిల్లలతో ఒక ప్రయోగం చేయించాను. మీరూ చేయండి. పైమూత, అడుగు తీసేసిన రేకు డబ్బాలు రెండు తీసుకోండి. ఒకదాన్ని పచ్చికలో, రెండోదాన్ని బోడినేలలో అంగుళం లోతు దిగ్గొట్టండి. ఒక్కొక్క గ్లాసు నీళ్లు పోసి, ఇంకడానికి ఎంతసేపు పట్టిందో గడియారంలో చూసి రాసుకోండి. బోడినేలలో నీళ్లు చాలాసేపు నిలిచిపోతాయి. ఎందుకని?

మంచి నేలలో దాదాపు సగం ఖాళీయే! మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి, నీరు ఉంటాయి. వేర్లు శ్వాసించేది ఆ గాలినే. మన పాదాలు తొక్కగా తొక్కగా సందులు మూసుకుపోతాయి. వేర్లకు ఆక్సిజన్ అందదు, నీరు ఇంకదు. పైగా మన ఎర్ర చెలక నేలలు ఎండితే గట్టిపడతాయి. కనుక జబ్బు గడ్డిది కాదు, నేలది.

ఇక మందు గరిక. వినాయక చవితి పూజలో వాడేదే. శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టిలాన్. దీని కాండం నేలమీద పాకుతూ కణుపుల దగ్గర వేర్లు వేస్తుంది. అందుకే ముక్క నాటినా మొక్క అవుతుంది. ఇదే శాకీయ ప్రత్యుత్పత్తి.

తొలకరి పడ్డాక బోడినేలను 4 అంగుళాల లోతు గడ్డపారతో తవ్వి, పెళ్లలు చితక్కొట్టండి. బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. రైతును అడిగి పొలం గట్టు మీది గరిక తెచ్చి, 2, 3 కణుపులుండేలా ముక్కలు చేయండి. బెత్తెడు దూరంలో, ఒక కణుపైనా మట్టిలో ఉండేలా నాటి అదమండి. వాన లేని రోజుల్లో నీళ్లు చల్లండి. గరిక అల్లుకునే వరకు ముళ్లకంప అడ్డం పెట్టండి. ఖర్చు? మీ చెమటే!

రెండు జాగ్రత్తలు. గరికకు ఎండ కావాలి, దట్టమైన చెట్టునీడలో నాటకండి. కూరమళ్ల దగ్గర అసలే వద్దు, అక్కడ అది వదలని కలుపు.

పిల్లలు నడిచే దారి మాత్రం మారదు. అక్కడ నాపరాళ్లు పరిచి, గరికను పక్కన పెరగనివ్వండి. కొన్ని నెలలాగి అదే చోట డబ్బా ప్రయోగం మళ్లీ చేయండి. మొదట రాసుకున్న సమయంతో పోల్చి చూడండి. నేల కోలుకుందో లేదో గడియారమే చెబుతుంది.