మీకు తెలుసా? అర జానెడు కంచు పిల్ల!

● ప్రపంచమంతా పేరుమోసిన కంచు అమ్మాయి ఎత్తెంతో చెప్పుకోండి చూద్దాం! 10.5 సెంటీమీటర్లే! 1926లో మొహెంజొదారో తవ్వకాల్లో దొరికిన ఈ పిల్లకు ‘నర్తకి’ అని పేరు పెట్టేశారు గానీ, నడుం మీద చెయ్యి వేసిన ఆ తీరు చూస్తే నాకైతే ఎవరితోనో పోట్లాటకు నిలబడ్డట్టే ఉంటుంది!

● ఆమె ఎడమ చేతికి ఇరవైకి పైగా గాజులు, కుడి చేతికి నాలుగే! ఎందుకో నాలుగు వేల ఏళ్ల తర్వాత కూడా ఎవరూ తేల్చలేదు.

● వంద గ్రాముల మైనంతో బొమ్మ చేసి, దాన్ని కంచులో పోత పోస్తే ఎంత తూగుతుంది? దాదాపు 900 గ్రాములు! అదే బంగారమైతే రెండు కిలోలు! మైనం కరిగి వదిలిన చోటంతా లోహం నిండుతుంది కాబట్టి ఈ లెక్క. నగల పోతలోనూ మైనమే వాడతారు గనుక, మన ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో అడిగి చూడండి, ఈ లెక్క కొట్టినపిండే!

● ఆదిలాబాద్ డోక్రా బొమ్మకు అచ్చు ఒక్కసారికే! మట్టి దిమ్మ మీద మైనం తీగలు చుట్టి, పైన మట్టి మెత్తి, మైనం కరిగించి, ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే అచ్చు పగలగొట్టాల్సిందే. కుమురం భీం జిల్లా ఉషెగావ్ లాంటి ఊళ్లలో ఓజా కుటుంబాల చేతుల్లో ఉన్న ఈ పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

● జింకు 907 డిగ్రీలకే ఆవిరవుతుంది, రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి! రాగి కరిగేలోపే జింకు ఎగిరిపోతుంది కాబట్టి ఇత్తడి చేయడం పూర్వులకు పెద్ద తలనొప్పి, తగరం కలిపే కంచే సులువు.

● కంచు పిల్లకు గుడ్డ గౌను! ఫ్రెంచి శిల్పి దెగా 1881లో పద్నాలుగేళ్ల నాట్య విద్యార్థినిని మైనంతో చేసి, నిజం గౌను తొడిగి ప్రదర్శించాడు. కంచు పోతలు మాత్రం ఆయన పోయాకే వచ్చాయి.

● తిరుమలలో కృష్ణదేవరాయల పక్కన తిరుమలదేవి, చిన్నాదేవి రాగి విగ్రహాలకు పేర్లు కూడా చెక్కారు! రాణులు కాబట్టి సరే, బిందె మోసే మామూలు పిల్ల బొమ్మకు పేరు చెక్కే వాళ్లెవరు చెప్పండి?

● ఈసారి హస్తకళల ప్రదర్శనలో డోక్రా ఆడపిల్ల బొమ్మలు రెండు కనిపిస్తే, పక్కపక్కన పెట్టి తేడాలు వెతకండి. ఒక్కటైనా దొరికి తీరుతుంది!