ముక్తసరి వేరు.. క్లుప్తం వేరు!

‘మీ ఊరి గురించి చెప్పండి.’
‘బాగుంటుంది సర్.’
‘డిగ్రీలో ఏ సబ్జెక్టు ఇష్టం?’
‘అన్నీ సర్.’

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి తొలిసారి ఇంటర్వ్యూకి వెళ్లి ఇలా జవాబులిచ్చి వచ్చేవాళ్లు తక్కువేం కాదు. తెలియక కాదు, ఎక్కువ మాట్లాడితే ఎక్కడ తప్పు దొర్లుతుందోనని భయం. బల్లకు అవతల కూర్చున్నవాళ్లకు మాత్రం అది భయంలా కనిపించదు. ‘ఈ అబ్బాయికి ఆసక్తి లేదేమో’ అనిపిస్తుంది. ఈ మాటతీరుకు మన దగ్గరో పేరుంది.. ముక్తసరి.

అచ్చ తెలుగులా వినిపిస్తుంది గానీ, బయటి నుంచి వచ్చిన మాటే. అరబ్బీలో ‘ముఖ్తసర్’ అంటే కుదించినది. పెద్ద ధర్మశాస్త్రాల సారాన్ని కుదించి రాసిన పుస్తకాలనూ అలాగే పిలిచేవారు. అక్కడి నుంచి పారసీకి, ఉర్దూకి, మనకి. నిజాం పాలన ముగిసిన 1948 దాకా మన దగ్గర కచేరీ భాష ఉర్దూయే కదా! అర్జీ, జవాబు, హాజరు, మంజూరు.. అన్నీ ఆ కుటుంబమే. (అలాగని ఇది తెలంగాణ మాటే అనుకోకండి. కోస్తాలోనూ అంటారు. గోల్కొండ సుల్తానుల ఏలుబడి అక్కడా సాగింది మరి.)

తమాషా ఏంటంటే, ఉర్దూలో ముఖ్తసర్ అంటే పొట్టిగా అని, అంతే. తెలుగులోకి వచ్చాక దానికి కాస్త ముఖం తిప్పుకునే ధోరణి అంటుకుంది. ‘ముక్తసరిగా మాట్లాడి పోయిండు’ అంటే సరిగా పలకరించలేదని నిష్ఠూరమే.

ఇంగ్లిష్‌లో ‘లాకోనిక్’ అంటారు. గ్రీసులో స్పార్టా ఉన్న లకోనియా ప్రాంతం పేరు మీద వచ్చింది. ‘నేను మీ దేశంలో అడుగుపెడితే..’ అని మాసిడోనియా రాజు ఫిలిప్ బెదిరిస్తే, స్పార్టన్లు ‘పెడితే’ అని ఊరుకున్నారట! మనకేమో మూడు ముక్కల రామాయణం ఉండనే ఉంది.. కట్టె, కొట్టె, తెచ్చె. వారధి, రావణుడు, సీత.. ఏదీ వదల్లేదు చూడండి.

‘క్లుప్తం’ సంగతి ఇంకోటి. సంస్కృతంలో దానికి అమర్చినది, సిద్ధం చేసినది అని అర్థం. ఇంటర్వ్యూకి కావాల్సింది ఆ పాత అర్థమే. ఉదాహరణకు:

‘మీ ఊరి గురించి చెప్పండి.’
‘మాది మిర్యాలగూడ సర్. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో వరి, ఆ వరితో రైస్ మిల్లులు. మా నాన్న మిల్లులో హమాలీ. సెలవుల్లో నేనూ బస్తాల లెక్క రాసేవాణ్ని.’

నాలుగే వాక్యాలు. తర్వాతి ప్రశ్న ఆ బస్తాల లెక్క మీదే వస్తుంది.