అతుకు పటిష్ఠమైతేనే చోదకుడికి రక్ష
పోటీ వాహనాల చట్రాల తయారీలో వెల్డింగే కీలకం

ఇంజినీరింగ్ విద్యార్థులు తాము తయారుచేసిన వాహనాలతో తలపడే 'బాజా ఎస్‌ఏఈ ఇండియా' పోటీలకు తెలుగు రాష్ట్రాల కళాశాలల నుంచీ జట్లు వెళుతుంటాయి. గుంతలు, మిట్టలతో నిండిన దారిలో వాహనం బోల్తా పడితే చోదకుడిని కాపాడేది గొట్టాలతో అల్లిన చట్రమే. ఇంజిన్ శక్తికి నిబంధనలు హద్దు విధిస్తాయి కనుక, వేగం పెరగాలంటే బరువు తగ్గించక తప్పదు. అయితే బరువు తగ్గేకొద్దీ అతుకులపై భారం పెరుగుతుంది.

పలుచని గొట్టం.. పెద్ద బాధ్యత
ప్రధాన గొట్టాలకు 25 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం, కనీసం 0.18 శాతం కార్బన్ గల ఉక్కును నిబంధనలు ప్రమాణంగా తీసుకున్నాయి. అంతే దృఢత్వం ఉంటే ఇతర కొలతలనూ అనుమతిస్తారు. అందుకే పలు జట్లు క్రోమియం, మాలిబ్డినం కలిసిన 4130 రకం ఉక్కును ఎంచుకుంటాయి. ఇది సాధారణ ఉక్కు కంటే తేలికైనదేమీ కాదు. బలం ఎక్కువ కావడంతో వ్యాసం పెంచి, మందం తగ్గించుకోవచ్చు. ప్రమాణ గొట్టం మీటరుకు సుమారు 1.6 కిలోలు తూగితే, 31.75 మిల్లీమీటర్ల వ్యాసం, 1.65 మిల్లీమీటర్ల మందం గల గొట్టం 1.2 కిలోలే ఉంటుంది.

వేడి మితిమీరితే ముప్పు
పలుచని గొట్టానికి వేడి ఎక్కువైతే రంధ్రం పడుతుంది. తక్కువైతే లోహం లోతుగా కరగక అతుకు పైపైనే నిలుస్తుంది. వేడిని అదుపులో ఉంచగల టిగ్ వెల్డింగును ఇందుకే ఎంచుకుంటారు. గొట్టం కొసను రెండో గొట్టం గుండ్రదనానికి సరిపోయేలా కోసి, తుప్పు, నూనె తొలగించాకే అతకాలి. వేడిగా ఉన్న అతుకుపై నీళ్లు పోస్తే ఉక్కు పెళుసుబారుతుంది, గాలికే చల్లారనివ్వాలి. పోటీల్లో నమూనా అతుకులనూ పరిశీలిస్తారు. విరిచినప్పుడు గొట్టం తెగాలే తప్ప అతుకు ఊడరాదు.

ప్రతి పరుగు తర్వాత తనిఖీ
పగుళ్లు ఎక్కువగా అతుకు అంచున, వేడికి గురైన లోహంలోనే మొదలవుతాయి. మట్టి కడిగి, సస్పెన్షన్ బిగించిన చోట్లను నిశితంగా చూడాలి. కంటికి కనిపించని పగులును రంగు ద్రావణ పరీక్ష పట్టిస్తుంది. పగులుపై మరో పొర వెల్డింగు వేయడం ప్రమాదకరం. పగులును పూర్తిగా తొలిచి కొత్తగా అతకాలి. వంగిన గొట్టాన్ని మార్చాలి. రంగు పూత మెరుగులు చూసి చట్రం క్షేమమనుకుంటే, ఆ ఏమరుపాటుకు మూల్యం చెల్లించేది చోదకుడే.