మిడి క్లాక్‌తో గిటారు డిలే పెడల్ అనుసంధానం: 24 పల్స్‌ల లెక్కలో తిస్ర, ఖండ గతులు

కీలకపదాలు: మిడి క్లాక్, డిలే పెడల్, ట్యాప్ టెంపో, గతి, మైక్రోకంట్రోలర్.

సింగరేణి బొగ్గు పట్టణాల్లో ఏటా డిసెంబరు 23న సింగరేణి దినోత్సవం జరుగుతుంది. మందమర్రిలో అటువంటి వేదికనెక్కే ఆర్కెస్ట్రాకు కీబోర్డు రిథమ్ ఆధారమైనప్పుడు, గిటారు డిలే పెడల్‌కు ఆ లయతో సంబంధం ఉండదు. పాట మారిన ప్రతిసారీ వాద్యకారుడు కాలితో నొక్కి వేగాన్ని తెలపాలి. ప్రతిధ్వని తాళం తప్పితే వాద్యకారుడే తప్పినట్లు శ్రోతకు తోస్తుంది. మిడి క్లాక్‌ను నేరుగా స్వీకరించే పెడళ్లున్నా వాటి ఖరీదు ఎక్కువ. ట్యాప్ జాక్ గల సాధారణ పెడల్‌కు చిన్న సర్క్యూట్‌ను జోడించి అదే ఫలితం పొందవచ్చు.

1983లో వెలువడిన మిడి ప్రమాణంలో క్లాక్ సందేశం ఒకే ఒక బైట్. దాని విలువ 248. క్వార్టర్ నోట్‌కు, అంటే ఒక అక్షరకాలానికి, అది 24 సార్లు వస్తుంది. వేగమెంతో తెలిపే అంకె అందులో ఉండదు. స్వీకరించే పరికరమే లెక్కించుకోవాలి. నిమిషానికి 100 అక్షరాల వేగంలో అక్షరకాలం 600 మిల్లీసెకన్లు, పల్స్‌ల మధ్య ఎడం 25 మిల్లీసెకన్లు. (గనిలో షాట్‌ఫైరింగ్‌కు వాడే డిలే డిటొనేటర్ల మధ్య ఎడం కూడా ఇంచుమించు ఇంతే.)

కీబోర్డు మిడి అవుట్‌పుట్ 6ఎన్138 ఆప్టోకప్లర్ ద్వారా ఆర్డుయినోకు చేరుతుంది. ఆర్డుయినో మరొక ఆప్టోకప్లర్‌తో ట్యాప్ జాక్‌ను క్షణకాలం మూసి తెరుస్తుంది. పెడల్‌కు అది కాలి నొక్కుడుగానే తోస్తుంది. రెండు వైపులా విద్యుత్ సంబంధం తెగి ఉండటం వల్ల గ్రౌండ్ లూప్ హమ్ చేరదు. యూఎస్‌బీ మాత్రమే ఉన్న కీబోర్డుకు ఈ సర్క్యూట్ నేరుగా పనికిరాదు.

అసలు చిక్కు గతిలో ఉంది. చతురశ్ర గతిలో మాత్రకు 6 పల్స్‌లు, తిస్రంలో 8. కనుక ఈ రెండింటికీ పల్స్‌లను లెక్కపెట్టడమే చాలు. ఖండ గతిలో 24ను 5తో భాగిస్తే 4.8 వస్తుంది, మిశ్రంలోనూ, సంకీర్ణంలోనూ శేషం తప్పదు. ఖండ మాత్రను 5 పల్స్‌లకు సర్దితే, పై వేగంలో 120కి బదులు 125 మిల్లీసెకన్లవుతుంది. తర్వాతి అక్షరం మీద పడవలసిన ఐదో ప్రతిధ్వని 25 మిల్లీసెకన్లు వెనుకబడుతుంది. పల్స్‌లను లెక్కపెట్టే సులువైన ప్రోగ్రాములు ఇక్కడే విఫలమవుతాయి. 24 పల్స్‌ల మొత్తం వ్యవధిని కొలిచి, దానిని 5తో భాగించి, ట్యాప్‌లను స్వతంత్రంగా పంపడమే సరైన మార్గం. ఒక్కొక్క పల్స్‌లో ఉండే చిన్న తడబాటు కూడా ఆ సగటులో సమసిపోతుంది. అంత వేగంగా వచ్చే ట్యాప్‌లను పెడల్ స్వీకరించకపోతే మూడు మాత్రలకొకటి, అంటే 360 మిల్లీసెకన్ల ఎడంతో, ఇవ్వవచ్చు.

ట్యాప్‌లను నిరంతరం పంపడం పొరపాటు. ప్రతి ట్యాప్‌తో డిలే వ్యవధి కాస్త కదిలితే, ప్రతిధ్వని శ్రుతి జారుతుంది. అనలాగ్ పెడళ్లలో ఈ జారుడు మరింత స్పష్టం. పాట ఆరంభంలో నాలుగు ట్యాప్‌లిచ్చి, వేగం నిజంగా మారినప్పుడే మళ్లీ పంపాలి. డప్పు వాద్యకారుడు వేగం పెంచుకుంటూ పోయే పాటలో క్లాకే ఉండదు కనుక అక్కడ కాలి ట్యాపే దిక్కు.