పొట్టి ఆటగాడి మలుపు: హాకీలో శరీర కొలతల లెక్క

కోల్‌కతా నగరానికి నైరుతి మూలన ఉన్న ఏక్‌బాల్‌పూర్ ఇరుకైన వీధుల పేట. పక్కనే ఖిదిర్‌పూర్ రేవు. ఇంకాస్త ముందుకు పోతే హుగ్లీ ఒడ్డున గార్డెన్ రీచ్‌లో ఒకప్పటి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ప్రధాన కార్యాలయం కనిపిస్తుంది. బీఎన్‌ఆర్ అంటే ఉత్తరాంధ్ర పాత తరానికి విడమరచి చెప్పనక్కరలేదు. హౌరా నుంచి వాల్తేరు దాకా రైలు నడిపింది ఆ కంపెనీయే. ఆ లైను వెంట కొలువుల కోసం వెళ్లిన ఎన్నో తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డాయి. రైల్వే, రేవు, కస్టమ్స్: ఈ మూడు కొలువులూ ఆ రోజుల్లో కలకత్తా హాకీకి పెద్ద జట్లను ఇచ్చాయి. మూడింటికీ ఆడిన ఒక బక్కపలచని మనిషి ఉన్నాడు. పేరు లెస్లీ క్లాడియస్.

1927 మార్చి 25న బిలాస్‌పూర్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో పుట్టిన క్లాడియస్ ఎత్తు ఐదున్నర అడుగులకు లోపే. మొదట అతనికి హాకీ మీద ధ్యాసే లేదు, ఫుట్‌బాల్ ఆడేవాడు. లండన్ ఒలింపిక్స్‌కు సుమారు రెండేళ్ల ముందు ఖరగ్‌పూర్‌లో బీఎన్‌ఆర్ హాకీ జట్లు రెండూ బైటన్ కప్పు కోసం సాధన చేస్తున్నాయి. క్లాడియస్ గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. ఒక జట్టుకు ఒక మనిషి తక్కువయ్యాడు. 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన డికీ కార్ ఈ కుర్రాడిని పిలిచి చేతికి కర్ర ఇచ్చాడు. అలా మొదలైన ఆట 1948 లండన్, 1952 హెల్సింకీ, 1956 మెల్‌బోర్న్‌లలో మూడు స్వర్ణాలు, కెప్టెన్‌గా 1960 రోమ్‌లో ఒక రజతం దాకా వెళ్లింది. ఒలింపిక్ హాకీలో నాలుగు పతకాలు గెలిచిన ఇద్దరు భారతీయుల్లో అతనొకడు, రెండోవాడు ఉధమ్ సింగ్.

అప్పట్లో ఆటకు జీతం లేదు, ఆట చూసి కొలువు ఇచ్చేవారు. 1895లో మొదలైన బైటన్ కప్పు, కలకత్తా లీగు ఆ కాలపు పెద్ద పోటీలు. అక్కడ నిలబడినవాడే దేశానికి ఆడేవాడు. గట్టు మీద కూర్చున్న ఆ సన్నటి కుర్రాడిని ఎవరూ ఎత్తు కొలిచి, బరువు తూచి తీసుకోలేదు. ఆ రోజు జట్టుకు మనిషి కావలసి వచ్చింది, అంతే. కొలిచి తీసుకునే పద్ధతి ఉండి ఉంటే అతను దొరికేవాడా అన్న ప్రశ్నకు క్రీడా శాస్త్రం దగ్గర కొంత సమాధానం ఉంది.

పది శాతం తేడా ఎక్కడికి పోతుంది?

ఇద్దరు ఆటగాళ్లను ఊహించుకుందాం. ఒకరి ఎత్తు 165 సెంటీమీటర్లు, మరొకరిది 181.5. శరీర నిష్పత్తులు ఒకటే, తేడా సరిగ్గా పది శాతం. కాని ఆ పది శాతం అన్నిచోట్లా పది శాతంగా మిగలదు. కండరం బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. వైశాల్యం ఎత్తు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి పొడుగు ఆటగాడి కండరబలం 21 శాతం ఎక్కువ. బరువు ఘనపరిమాణాన్ని అనుసరిస్తుంది, అది 33 శాతం ఎక్కువ. బలం కంటే బరువు త్వరగా పెరిగింది. అందుకే నిలబడిన చోటు నుంచి ఒక్కసారిగా దూకడంలో, అంటే త్వరణంలో, పొట్టివాడికి పది శాతం మొగ్గు ఉంటుంది.

అసలు విశేషం మలుపులో ఉంది. ఒక వస్తువును తిప్పడం ఎంత కష్టమో చెప్పే రాశిని జడత్వ భ్రామకం అంటారు. బరువును దూరపు వర్గంతో గుణిస్తే వచ్చేది కాబట్టి అది ఎత్తు ఐదో ఘాతంతో పెరుగుతుంది. పది శాతం ఎత్తు తేడాకు 61 శాతం. తిప్పే శక్తి, అంటే కండరబలానికి దాని మీట పొడవును కలిపి చూస్తే వచ్చే టార్క్, 33 శాతమే పెరుగుతుంది. భాగిస్తే పొట్టి ఆటగాడు ఒంటిని తిప్పే వేగాన్ని దాదాపు 21 శాతం చురుగ్గా పెంచుకోగలడని తేలుతుంది. గురుత్వ కేంద్రం నేలకు దగ్గరగా ఉండటం దీనికి తోడు. కండరం గుణం, సాధన, కాళ్ల పొడవు మనిషి మనిషికీ మారతాయి కాబట్టి ఇది కాగితం మీది లెక్కే. కాని మొగ్గు ఎటువైపు ఉందో చెబుతుంది.

పొట్టివాళ్ల నాడులు పొట్టిగా ఉంటాయి కాబట్టి వాళ్ల స్పందన వేగం ఎక్కువ అని మైదానాల్లో ఒక మాట వినిపిస్తుంది. అది నిలవదు. నాడీ సంకేతం సెకనుకు 50 మీటర్లకు పైగా పరుగెడుతుంది. పదహారు సెంటీమీటర్ల తేడాకు దక్కేది మూడు మిల్లీసెకన్లు. చూసి స్పందించడానికి ఎవరికైనా పట్టే సమయం 200 మిల్లీసెకన్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ మూడు ఏ మూలకూ చాలవు.

క్లాడియస్ ఆడిన రైట్ హాఫ్ స్థానంలో ఈ మలుపు లెక్క ఎలా పనిచేస్తుందో చూడాలి. హాకీ కర్రకు ఒకవైపే చదును, ఎడమచేతి వాటం కర్రకు అనుమతి లేదు. అందువల్ల బంతిని కుడి నుంచి ఎడమకు కొట్టడం సహజంగా వస్తుంది, ఎడమ నుంచి కుడికి కొట్టడం ఇబ్బంది. రైట్ హాఫ్ కాపలా కాయవలసింది ప్రత్యర్థి లెఫ్ట్ వింగర్‌ని. అతను పక్క గీత వెంట దూసుకొచ్చి బంతిని మధ్యకు కొట్టాలంటే పాదాలను బంతి చుట్టూ తిప్పుకోవాలి, లేదా కర్రను తిరగేయాలి. ఆ కొద్దిపాటి ఆలస్యంలోనే రైట్ హాఫ్ వెనక్కి తిరిగి, అడుగు వేసి, బంతిని లాక్కోవాలి. అక్కడ కావలసింది గుద్దే బలం కాదు, తిరిగే వేగం. పైగా మైదానపు హాకీలో ఒంటితో ఢీకొట్టడం ఫౌల్. బంతి 160 గ్రాములకు అటూ ఇటూ, ఎక్కువసేపు ఉండేది నేల మీదే. దాన్ని అందుకోవడానికి పొడుగు మనిషి ఎక్కువ వంగాలి. నడుము వంచి బంతిని నడిపిస్తూ పరుగెత్తితే మామూలు పరుగు కంటే ఎక్కువ శక్తి ఖర్చవుతుందని శరీరధర్మ శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు.

పొడుగు వృథా అని దీని అర్థం కాదు. చేయి, కర్ర కలిపి పది శాతం దూరం ఎక్కువ అందితే కాపలా కాయగల వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. పెనాల్టీ కార్నర్‌లో డ్రాగ్ ఫ్లిక్ చేసేవాడికి పొడుగు చేతులు, పొడుగు అంగ ఉంటే బంతిని కర్రకు ఆనించి ఎక్కువ దూరం లాగి వదిలే వీలుంటుంది. గోల్‌కీపర్ సంగతి సరే సరి.

గడ్డి పోయి తివాచీ వచ్చాక

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలిసారి కృత్రిమ మైదానం మీద హాకీ ఆడారు. అంతకు ముందు ఏడాదే కౌలాలంపూర్‌లో ప్రపంచ కప్పు గెలిచిన భారత్ అక్కడ ఏడో స్థానంలో నిలిచింది. ఎగుడుదిగుడు గడ్డి మీద బంతిని ఆపడమే ఒక కళ. సమతలమైన తివాచీ మీద బంతి చెప్పిన దారిన పోతుంది, వేగం పెరుగుతుంది, దూరపు పాసులకు విలువ వస్తుంది. 1990ల చివర్లో ఆఫ్‌సైడ్ నిబంధన కూడా పోయింది. ఆటలో ఒడుపు కంటే ఊపిరి, బలం ముఖ్యమనే మాట మన శిక్షణ శిబిరాల్లో బలంగా పాతుకుంది. మాట పూర్తిగా తప్పు కాదు. కాని ఊపిరికీ ఎత్తుకూ ఉన్న ముడిని చాలామంది అవసరానికి మించి బిగించారు. శరీర బరువులో కిలోకు ఎంత ఆక్సిజన్ వాడుకోగలరో లెక్కిస్తే చిన్న శరీరం వెనకబడి ఉండనక్కరలేదు.

ఇప్పుడు పెద్ద లీగు అంటే హాకీ ఇండియా లీగ్. 2017 తరువాత ఆగిపోయి, 2024 డిసెంబరులో మళ్లీ మొదలైంది. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో జరిగిన పురుషుల ఫైనల్‌లో బెంగాల్ టైగర్స్ 4–3 తేడాతో హైదరాబాద్ తూఫాన్స్‌ను ఓడించింది. వేలంలో లక్షలు పలికే ఆట ఇది. డబ్బు పెట్టేవాడికి కంటికి కనిపించే కొలత ధైర్యాన్నిస్తుంది. ఎత్తు అలాంటి కొలత. ఆట చదివే నేర్పుకు టేపు లేదు.

కొలత ఎంత దారి తప్పిస్తుందో చెప్పే లెక్కలు మంచు హాకీ నుంచి వచ్చాయి. అక్కడ ఒంటితో ఢీకొట్టడం ఆటలో భాగం, ఉత్తర అమెరికా జాతీయ హాకీ లీగ్‌లో ఆటగాళ్ల సగటు ఎత్తు సుమారు 185 సెంటీమీటర్లు. ఒకే వేగంతో వచ్చే ఇద్దరిలో పెద్దవాడి ద్రవ్యవేగం 33 శాతం ఎక్కువ, కాబట్టి చిన్నవాడికి అక్కడ నిజంగానే ప్రమాదం. అయినా 168 సెంటీమీటర్ల థియోరెన్ ఫ్లూరీ 455 గోల్స్ చేశాడు. 1987 ఎంపికలో అతని పేరు 166వ స్థానంలో గాని వినిపించలేదు. 173 సెంటీమీటర్ల మార్టిన్ సెయింట్ లూయీని ఆ ఎంపికలో ఎవరూ తీసుకోనే లేదు. అతను 2004లోనూ, 37 ఏళ్ల వయసులో 2013లోనూ లీగ్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు సాధించాడు.

ఇవి ఇద్దరి కథలే. వాటిని చూసి పొట్టివాళ్లంతా గొప్పవాళ్లని తేల్చడం పొరపాటు, జల్లెడలో రాలిపోయినవాళ్లు మనకు కనిపించరు. పరిశోధకులు మరో దారిన వెళ్లారు. 1985లో కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రోజర్ బార్న్‌స్లీ, అతని సహచరులు మంచు హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలు చూశారు. జనవరి నుంచి మార్చి లోపు పుట్టినవాళ్లు అసాధారణంగా ఎక్కువ. అక్కడ వయసు విభాగాలకు జనవరి 1 గీత. ఒకే విభాగంలో ఉన్న జనవరి పిల్లవాడికి, డిసెంబరు పిల్లవాడికి దాదాపు ఏడాది తేడా. పదేళ్ల వయసులో ఏడాది అంటే అరచేతి మందం ఎత్తు, నాలుగైదు కిలోల బరువు. శిక్షకుడి కంటికి అది ప్రతిభలా కనిపిస్తుంది.

2013లో రాబర్ట్ డీనర్ బృందం దీనికి రెండో సగం చేర్చింది. 1980 నుంచి 2006 వరకు లీగ్‌కు ఎంపికైన కెనడా ఆటగాళ్లను పరిశీలిస్తే, ఏడాది రెండో సగంలో పుట్టినవాళ్లను వాళ్లు తరువాత చూపిన ఆటకు తగిన స్థానం కంటే 40 స్థానాలకు పైగా వెనక ఎంపిక చేశారు. 400 ఆటలు ఆడటం, 200 పాయింట్లు సాధించడం వంటి మైలురాళ్లను మాత్రం వీళ్లే దాదాపు రెట్టింపుగా చేరుకున్నారు. చిన్నప్పుడు ఒంటి పరిమాణంతో నెగ్గుకు రాలేని పిల్లవాడు ఒడుపు, చూపు, ఓపిక పెంచుకోక తప్పదని, అందరూ ఎదిగాక ఆ నేర్పు మిగులుతుందని ఒక వివరణ. బలహీనులు ముందే రాలిపోయి గట్టివాళ్లే మిగిలారన్నది మరో వివరణ. రెండూ కొంత నిజం కావచ్చు. ఏది ఎంతైనా, ఎంపిక చేసేవాళ్లు మంచి ఆటగాళ్లను చవగ్గా వదులుకున్నారన్నది మాత్రం లెక్కల్లో తేలింది.

మన పిల్లల విషయంలో ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. మగపిల్లల్లో ఎత్తు పెరిగే వేగం సగటున 14 ఏళ్ల ప్రాంతంలో గరిష్ఠమవుతుంది. కొందరికి అది 12కే వస్తుంది, కొందరికి 16 దాకా రాదు. సబ్ జూనియర్ ట్రయల్స్ జరిగేది సరిగ్గా ఈ మధ్యకాలంలోనే. పుట్టిన తేదీ ఒకటే అయిన ఇద్దరు పిల్లల్లో ఒకడు దాదాపు పెద్దవాడు, మరొకడు ఇంకా పిల్లవాడు. పోషణ తక్కువైన ఇళ్లలో ఈ ఎదుగుదల ఆలస్యం కావడం మామూలే. ఏక్‌బాల్‌పూర్‌లోనైనా, విశాఖ రేవు పక్క వీధుల్లోనైనా, ఆలస్యంగా ఎదిగే పిల్లవాడు పద్నాలుగేళ్లకు ఇంటికి పంపేయబడితే, పదిహేడేళ్లకు అతను ఎంత ఎదిగాడో చూడటానికి మైదానంలో ఎవరూ ఉండరు.

దీనికి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ శిక్షణ కేంద్రాలు పది పన్నెండేళ్లుగా ప్రయత్నిస్తున్న పద్ధతి ఒకటుంది. పిల్లలను వయసును బట్టి మాత్రమే కాక, పెద్దయ్యాక చేరుకోబోయే ఎత్తులో ఇప్పటికి ఎంత శాతం చేరుకున్నారో చూసి జట్లు కట్టి అప్పుడప్పుడు ఆడిస్తారు. ముందే ఎదిగినవాడికి అక్కడ ఒంటి బలం అక్కరకు రాదు, ఒడుపు నేర్చుకోవాలి. వెనక ఎదిగేవాడికి బంతి కాళ్ల దగ్గరకు వస్తుంది. రాబోయే ఎత్తును అంచనా వేయడానికి 1994 నాటి ఖామిస్, రోష్ పద్ధతి వాడతారు. ఎక్స్‌రేలు అక్కరలేదు. పిల్లవాడి వయసు, ఎత్తు, బరువు, తల్లిదండ్రుల ఎత్తు ఉంటే చాలు. ఆ సూత్రంలోని అంకెలు అమెరికాలోని ఒహాయో పిల్లల కొలతల నుంచి వచ్చాయి కాబట్టి మన పిల్లల మీద సరిచూసి, అవసరమైతే మార్చుకోవాలి. కావలసిన సరంజామా ఒక టేపు, ఒక తూకం. ట్రయల్స్‌కు కొడుకును వెంటబెట్టుకొచ్చి గీత అవతల నిలబడ్డ తండ్రి ఎత్తును కూడా ఆ టేపుతోనే కొలవచ్చు.