అల్బుమిన్ ఎందుకు తగ్గుతుంది?

వైద్య సహాయం కోరి వచ్చేవారు మన చేతికిచ్చే రిపోర్టుల్లో రెండు పేర్లు తరచూ కనిపిస్తాయి: సి.ఆర్.పి., అల్బుమిన్. చాలామందిలో మొదటిది బాగా పెరిగి, రెండోది తగ్గి ఉంటుంది. అల్బుమిన్ ఒక ప్రోటీన్ కనుక, తిండి చాలక తగ్గిందనుకుని ప్రోటీన్ పొడి డబ్బాలు కొనిస్తాం. ఉద్దేశం మంచిదే. కానీ అసలు కారణం తరచూ వేరేచోట ఉంటుంది.

ఈ రెండింటినీ తయారుచేసేది కాలేయమే. ఒకరికి న్యుమోనియా వచ్చిందనుకుందాం. రోగనిరోధక కణాలు క్రిములను గుర్తించి, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయన సందేశాలను రక్తంలోకి వదులుతాయి. అవి చేరగానే కాలేయంలో పనుల వరస మారుతుంది. క్రిములకు అంటుకుని వాటిని పట్టించే సి.ఆర్.పి., రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫైబ్రినోజెన్ ఎక్కువగా తయారవుతాయి. అల్బుమిన్ తయారీ వెనకబడుతుంది. పైగా రక్తనాళాల నుంచి కొంత అల్బుమిన్ బయటికి జారిపోతుంది.

అదే సందేశం మెదడుకూ అందుతుంది. దాని ఆజ్ఞతో, మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తాయి. ఇది కాలేయంలో రక్షణ ప్రోటీన్ల తయారీకి తోడ్పడుతుంది. రోగనిరోధక కణాలకు మాత్రం కళ్ళెం వేస్తుంది. లేకపోతే ఆ పోరు మితిమీరి మన అవయవాలకే హాని చేస్తుంది.

స్టెరాయిడ్ మందులు కార్టిసాల్ వంటివే. వాటితో జ్వరం, వాపు తగ్గినా లోపల ఇన్ఫెక్షన్ మిగిలి ఉండవచ్చు. అందుకే సొంతంగా వాడకూడదు. డాక్టరు సలహాపై వాడుతున్నవారు హఠాత్తుగా మానకూడదు.

1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే శాస్త్రవేత్తలు న్యుమోనియా రోగుల రక్తంలో సి.ఆర్.పి. జాడ కనుగొన్నారు. కోలుకున్నవారిలో అది కనిపించకపోవడమూ గమనించారు. జబ్బు మొదలైన కొన్ని గంటల్లోనే పెరిగే ఈ ప్రోటీన్, కారణం తొలగితే దాదాపు 19 గంటలకోసారి సగమవుతూ వస్తుంది. అల్బుమిన్ మాత్రం నెమ్మదిగా, వారాల మీద కోలుకుంటుంది.

అల్బుమిన్ తగ్గడానికి కాలేయ జబ్బు, మూత్రంలో ప్రోటీన్ పోవడం, తిండి లోపం కూడా కారణాలు కావచ్చు. ఏది కారణమో డాక్టరే తేల్చాలి. రోగికి మంచి ఆహారం ఎప్పుడూ అవసరమే. అయితే లోపల జబ్బు రగులుతున్నంతకాలం ఎంత ప్రోటీన్ పెట్టినా అల్బుమిన్ సరిగా పెరగదు. కాబట్టి మనమిచ్చే రూపాయి ముందుగా జబ్బు మూలాన్ని కనిపెట్టే పరీక్షలకు, మధ్యలో ఆగిపోకుండా వాడే మందులకు చేరాలి. పొడి డబ్బా తర్వాత.